గోడకేసి తిరిగి నిలబడే రత్నాలు

రత్నాలు కుదురుగా కూర్చోగా అరకులో ఎవరూ చూడలేదు. టీ ఇస్తే నిలబడే తాగుతుంది. కుర్చీ చూపిస్తే దాని వెనక్కి వెళ్లి, గోడ ప్లగ్గు వదులుగా ఉందేమోనని కదిపి చూస్తుంది. భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. అందులో రెండు స్క్రూడ్రైవర్లు, మెత్తటి పెయింటు బ్రష్షు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరు ఉంటాయి. ఈ సరంజామాతోనే ఆమె మా బజారులో సగం కంప్యూటర్లను బతికిస్తూ వచ్చింది.

పుట్టింది సాలూరు పక్కన ఒక రైతు ఇంట్లో. పెళ్లికి ముందు సాలూరులో కుట్టు మిషన్లు బాగుచేసే చోట చూసి చూసి పని నేర్చుకుంది. భర్త జగన్నాథరావు కాఫీ గోదాములో గుమస్తా. తొంభైల చివర్లో ఆయన ఆఫీసువాళ్లు పాడైన కంప్యూటరొకటి పారేయబోతుంటే గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చాడు, ఇనుపసామాను కొట్లో అమ్ముదామని. రత్నాలు అమ్మనివ్వలేదు. మూత విప్పితే లోపల చీమలు పుట్ట పెట్టి ఉన్నాయి. ఆ వానాకాలమంతా దాన్ని విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం. చివరికి తెర మీద అక్షరాలు కనబడిన రోజున ఇంట్లో అన్నం మాడిపోయిందని జగన్నాథరావు ఇప్పటికీ చెబుతాడు.

అలా తెలుసుకుంది, ఈ కొండల మీద కంప్యూటరుకు మొదటి శత్రువు చెమ్మ అని. మంచు కిటికీలోంచి లోపలికి వస్తుంది. లోపలి పలకల అంచుల మీద పచ్చగా చిలుము పడుతుంది. మిషను ఆన్ చేస్తే కూత పెట్టి ఆగిపోతుంది. జనం కొత్తది కొనాలేమో అనుకుంటారు. రత్నాలు మెమరీ పలకను బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ పెడుతుంది. చాలాసార్లు అంతే పని. బాగా చెమ్మ పట్టినదైతే ఇంటికి తీసుకెళ్లి, మూత తీసి, కాస్త దూరంగా నలభై వాట్ల బల్బు వెలిగించి ఆ వెచ్చదనంలో ఆరబెడుతుంది. చలికాలంలో ఆమె బల్ల మీద ఎప్పుడూ ఒకటో రెండో పెట్టెలు అలా ఆరుతూనే ఉండేవి.

దసరా వెళ్లిన వారమైతే ఆమెకు ఊపిరాడదు. ఆయుధపూజ నాడు కంప్యూటర్లకు కూడా పసుపు, కుంకుమ పెట్టి సాంబ్రాణి వేస్తారు. కొందరు పసుపును పెట్టె వెనక ఫ్యాను మీదే చల్లుతారు. అది మొత్తం లోపలికి పీల్చేస్తుంది.

"బొట్టు ముందర పెట్టండి మామ్మా, ఎనకాల కాదు. ఎనకది దాని ముక్కు" అనేది రత్నాలు.

"ముక్కుకి పెట్టలేదే, నడుంకి పెట్టాను" అనేది సీతామహాలక్ష్మి.

ఈ సీతామహాలక్ష్మి, కిరాణా కొట్టు గణపతిరావు భార్య. వాళ్లది అనకాపల్లి వైపు. ఎప్పుడో కొండెక్కి వచ్చి మెయిన్ రోడ్డు మీద కొట్టు పెట్టారు. కొట్టు వెనకే ఇల్లు. ఇంటి ప్రహరీకి ఆనుకుని ఒక లాడ్జి. వాళ్లబ్బాయి సురేష్‌ది విశాఖపట్నంలో ఉద్యోగం. తెర మీద మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చని ఇంటికి కంప్యూటరు కొన్నాడు, ఫోను లైను మీద నెట్ పెట్టించాడు. సెలవులకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌కు కూడా కావాలని ఒక కొమ్మున్న వైర్‌లెస్ మోడెం తెచ్చాడు. బిగించింది రత్నాలు.

వైర్‌లెస్ వచ్చాకే ఆమెకు అసలు తిప్పలు మొదలయ్యాయి. మోడెంకు పాస్‌వర్డ్ పెట్టాలి. రత్నాలు దాన్ని తాళం అనేది. మొదట్లో అంకెలు, అక్షరాలు కలిపి గట్టి తాళాలే పెట్టింది. జనం మరచిపోయేవాళ్లు. మరచిపోయి, మోడెం వెనక చిన్న చిల్లులో అగ్గిపుల్ల గుచ్చి నొక్కేసేవాళ్లు. దాంతో పెట్టినవన్నీ చెరిగిపోయేవి. మళ్లీ ఫోను. అనంతగిరి దాకా జీపులో వేలాడుతూ వెళ్లి, ఒక కాఫీ తోట ఇంట్లో ఒకే తాళం మూడోసారి పెట్టి వచ్చిన రోజున ఆమెకొక ఉపాయం తట్టింది. మనిషి పుట్టినరోజు మరచిపోతాడు, ఫోను నంబరు మరచిపోతాడు, ఇంటి అమ్మవారిని మరచిపోడు. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: "మీ ఇలవేల్పు ఎవరండీ?"

ఆ పేరే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో తాళం. ఎవరికీ మళ్లీ అగ్గిపుల్ల అవసరం రాలేదు. ఇంటికి కాపలా ఉండే తల్లే నెట్‌కూ కాపలా అని జనం కూడా సంతోషించారు. గణపతిరావు ఇంటికి నూకాలమ్మ. ఇంకో ఇంటికి పైడితల్లి. ఇంకొకరికి దుర్గమ్మ. రెండేళ్లు హాయిగా గడిచిపోయాయి.

రెండువేల తొమ్మిది జనవరిలో, మంచు బాగా పట్టిన రోజుల్లో, సాయంత్రం విశాఖ దిగే రైలును అరకు స్టేషన్లో ఆపేశారు. రైల్లో బాంబు పెట్టామని ఎవరో పోలీసులకు ఈమెయిలు పంపారు. జనాన్నందరినీ దించి, సామాన్లు వెతికి, చీకటి పడ్డాక గాని వదల్లేదు. బాంబూ లేదు, ఏమీ లేదు. కాని ఏజెన్సీలో ఇలాంటివి నవ్వి వదిలేసేవి కావు. నక్సలైట్లు పట్టాలు పేల్చేసే కొండలవి. నాలుగోనాడు సబ్‌ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చి గణపతిరావు కొట్టు ముందు జీపు ఆపాడు. ఈమెయిలు ఈ ఇంటి కనెక్షన్ మీద నుంచే వెళ్లింది.

గణపతిరావు తక్కెడ కింద పెట్టాడు. "బాబూ, నేను బేరాలు చేసుకునేవాణ్ణి. మా అబ్బాయి ఆవేళ విశాఖలో ఆఫీసులోనే ఉన్నాడు. మా కంప్యూటరైతే అసలు ఇంట్లోనే లేదు."

"ఎక్కడుంది?"

"చెమ్మ పట్టిందని రత్నాలు పట్టుకెళ్లింది."

"నెట్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మా ఆవిడకి, అబ్బాయికి. పెట్టింది రత్నాలు. ఆమెకి తెలుసు."

ఆయన నింద వేయాలని అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే. కాని కొట్లో పప్పులకూ, నూనెకూ నిలబడ్డవాళ్లంతా విన్నారు. ఎస్సై రత్నాలు ఇంటికి వెళ్లేసరికి గణపతిరావు కంప్యూటరు మూత తీసి, బల్బు వెలుగులో ఆరుతూ కనిపించింది.

"ఆవేళ ఈ పెట్టె నీ దగ్గరే ఉందా?"

"ఉంది సార్. కాని ఆళ్ల నెట్టు మా ఇంటిదాకా రాదు."

"రాదని నువ్వంటున్నావు. నేనెలా నమ్మాలి?"

ఎస్సై పెట్టెను జీపులో వేయించుకుని, ఊరు వదిలి వెళ్లొద్దని చెప్పి పోయాడు.

ఎవరూ ఆమెను ముఖాన ఒక్క మాటా అనలేదు. అదే పెద్ద బాధయింది. ఫ్యాను మోగుతోందని రమ్మన్న బట్టల కొట్టాయన, "తరవాత చూద్దాంలేమ్మా" అన్నాడు. టిఫిన్ సెంటరావిడ మోడెం స్విచ్ ఆపేసి గుడ్డ కప్పింది. ఇన్నాళ్లూ వంటింటి దాకా వెళ్లి వైర్లు సర్దిన ఇళ్లలో ఇప్పుడు గుమ్మం దగ్గరే మాట ముగిసిపోయేది. రత్నాలు పని అంతా నమ్మకం మీద నడిచేది. ఆమె ఇంట్లోకి రావచ్చు అని జనం అనుకున్నంత కాలమే ఆ సంచికి విలువ.

"రెండ్రోజులు ఇంట్లో కూకోరాదేటి? అదే సద్దుమణుగుతాది" అన్నాడు జగన్నాథరావు.

"కూకుంటే నానే పంపీసినట్టు."

"తిరిగితే పంపనట్టా?"

ఆమె వినలేదు. తన దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి, బ్యాటరీ కాసేపే నిలుస్తుంది, దాన్ని శాలువాలో చుట్టుకుని పొద్దున్నే మంచులో బయలుదేరింది. మొదట తన ఇంటి ముందు తెరిచి చూసింది. గణపతిరావు నెట్ పేరే కనబడలేదు. పోస్టాఫీసు దగ్గర లేదు. రోడ్డు దాటాక సిగ్నల్ ఒక గీత వచ్చింది. కొట్టు ముందు రెండు. మోడెం ఇంటి వెనక కిటికీలో ఉంది, సీతామహాలక్ష్మి ఫోను అక్కడే ఉంటుంది గనక. అయితే వెనక వైపు ఎంత దూరం పోతోంది? రత్నాలు చుట్టూ తిరిగి లాడ్జి పెరట్లోకి వెళ్లింది. అక్కడ గీతలన్నీ నిండాయి.

పెరట్లో, గణపతిరావు ప్రహరీకి ఎదురుగా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. లాడ్జి వాచ్‌మన్ మంగ్లు వాటి మీది మంచు తుడుస్తున్నాడు. గాలికొండ వైపు ఊరివాడు, నడి వయసు, మాట నిదానం.

"మంగ్లూ, కుర్చీలు గోడకేసి ఏసావేటి? కొండ అటేపు కదా కనబడతాది."

"కొండ సూడ్డానికి కాదక్కా. నెట్టు కోసం. రూముల్లో అందదు. ఈ గోడకాడ బాగొస్తాది."

"దానికి తాళం ఉంది కదా."

"ఉంది. అమ్మోరి పేరు కొడితే తెరుసుకుంటాది."

రత్నాలు ల్యాప్‌టాప్ మూసేసింది. "నీకెవులు సెప్పారు?"

"ఎవులు సెప్పాలేటి? మామ్మగారు కిటికీకాడ ఫోన్లో కొడుక్కి అరిసింది, 'మన అమ్మోరి పేరే నాయనా, అదీ మర్సిపోయావేటి' అని. ఆ ఇంటి అమ్మోరెవరో నాకు తెల్దా? ఏటేటా అమ్మోరి పండక్కి ఆళ్ల ఘటం ముందర డప్పు కొట్టేది మేమే గదా."

"అయితే అడిగినోళ్లందరికీ సెప్పీసావా?"

మంగ్లు గుడ్డ పిండుతూ ఆమెను వింతగా చూశాడు. "అమ్మోరి పేరు దాసుకోడం ఎక్కడైనా ఉందేటక్కా? సలిలో వచ్చినోళ్లు, అడిగారు, సెప్పాను. గుమ్మంకాడ నీళ్లడిగితే నువ్వు లేదంటావా?"

పెరట్లోంచి రోడ్డు మీదికి వచ్చింది. అప్పుడు తలెత్తి చూసింది. రోజూ చూసే బోర్డే. శ్రీ నూకాలమ్మ కిరాణా అండ్ జనరల్ స్టోర్స్. పైన తెలుగులో, టూరిస్టుల కోసం కింద ఇంగ్లీషులో, మూరెడేసి ఎర్ర అక్షరాలు. ఎదురుగా పైడితల్లి టిఫిన్స్. దాని పక్కన దుర్గా క్లాత్ స్టోర్స్. రోడ్డు పొడుగునా తను పెట్టిన తాళాలు, ఏ ఇంటిది ఆ ఇంటి గుమ్మం మీదే రంగులు వేసి వేలాడుతున్నాయి.

మంగ్లు వెనకే వచ్చాడు. "ఏటైందక్కా? రైలు గొడవేనా? నా మీదకొస్తాదేటి?"

"రాదు" అంది రత్నాలు. వస్తుందో రాదో ఆమెకు తెలియదు. పోలీస్ స్టేషన్లో మంగ్లు పేరు చెబితే తన మీది మచ్చ ఆ మధ్యాహ్నానికే పోతుంది. కాని కొండ మీది మనిషిని ఒకసారి స్టేషన్లోకి పిలిచాక ఎప్పుడు పంపుతారో చెప్పలేని రోజులవి. బస్టాండు దాకా నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది. మూడోసారి నేరుగా స్టేషన్‌లోకి వెళ్లిపోయింది.

"సార్, ఒక్కసారి గణపతిరావుగారి కొట్టుకాడికి రండి. తాళం సూపిత్తాను."

ఎస్సై ఏమనుకున్నాడో, వచ్చాడు. కొట్టు ముందు రత్నాలు ల్యాప్‌టాప్ తెరిచి, కొబ్బరికాయల బస్తా మీద పెట్టింది.

"బోర్డు సదవండి సార్."

"నూకాలమ్మ కిరాణా. అయితే?"

ఆమె ఆ పేరు కొట్టింది. నెట్ వచ్చింది. ఎస్సై బోర్డును, ల్యాప్‌టాప్‌ను, గణపతిరావును మార్చి మార్చి చూశాడు.

"ఇది పెట్టిందెవరు?"

"నానే సార్. ఈ ఒక్క ఇల్లే కాదు, ఈదంతా ఇలాగే పెట్టాను. మర్సిపోరని పెట్టాను. మర్సిపోలేదు. ఇంకోడు కూడా మర్సిపోడని తోచలేదు."

"అంటే ఎవడో బోర్డు చూసి ఊహించాడంటావు."

రత్నాలు అవుననబోయింది. ఇంతలో గుంపు వెనకనుంచి మంగ్లు గొంతు వినిపించింది. చేతిలో బకెట్ అలాగే ఉంది.

"ఎవులూ ఊహించలేదు బాబూ. నానే సెప్పాను."

"నిన్నెవరు పిలిచార్రా?"

"ఎవులూ పిలవలేదు. ఈయక్క నా పేరు సెప్పకుండా తిరుగుతోంది, అందుకొచ్చాను. ఆవేళ మా లాడ్జీలో ఇద్దరు కుర్రోళ్లు రైలుకి కంగారు పడ్డారు. ఆళ్ల నేస్తులు కాఫీ తోటలు సూడ్డానికెల్లి ఇంకా రాలేదు. రైలెల్లిపోతాదని ఆ గోడకాడ కూకుని ఏదో కొట్టారు. తరవాత రైలు ఆగిపోయింది. నేస్తులు వచ్చారు. అందరూ అదే రైలెక్కి ఎల్లిపోయారు. భలే అదృష్టమనుకున్నాను."

కొట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్సై నవ్వలేదు. మంగ్లును జీపెక్కించాడు.

రత్నాలు జీపు వెనకే నడుచుకుంటూ వెళ్లి స్టేషన్ బయట నిలబడింది. కానిస్టేబులు బల్ల చూపించాడు. కూర్చోలేదు. గేటు నుంచి వేపచెట్టు దాకా, వేపచెట్టు నుంచి గేటు దాకా. స్టేషన్ వరండాలో ట్యూబులైటు మినుకుమినుకుమంటుంటే ఉండబట్టలేక స్టూలు అడిగి ఎక్కి, దాని స్టార్టరు తిప్పి సరిచేసింది. పొద్దు వాలేటప్పుడు మంగ్లును వదిలారు. లాడ్జిలో దిగినవాళ్లను పోలీసులు విశాఖలో వెతికి పట్టుకున్నారని, కాలేజీ కుర్రాళ్లేనని, నేస్తుల కోసం రైలాపడం తప్ప వేరే ఉద్దేశం లేదని ఏడ్చారని ఆ తరవాత తెలిసింది.

గణపతిరావు తన కంప్యూటరు స్టేషన్ నుంచి తిరిగి రాగానే రత్నాలును పిలిపించాడు. చలికి అప్పటికే అది మళ్లీ కూత పెడుతోంది.

"నీ మీద నాకు అనుమానం లేదమ్మా" అన్నాడు. పెట్టెను ఆమె వైపు జరిపి, "కాని తాళం పెట్టింది నువ్వే గదా. రేపు ఇంకేదో జరిగితే మళ్లీ నీ పేరే చెప్పాల్సొస్తుంది. నాకూ బాగోదు, నీకూ బాగోదు" అన్నాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు. ఇంటికి వెళ్లకుండా అక్కడే అటూ ఇటూ తిరిగి, సంచి బల్ల మీద పెట్టింది.

"అయితే ఇకమీదట నాకు తెలీకూడదు. తాళం మీరే పెట్టుకోండి. ఎలాగ పెట్టాలో సెప్తాను, ఏటి పెట్టారో సూడను."

ముందు మోడెంను లాడ్జి వైపు కిటికీలోంచి తీసి, లోపలి గదిలో బియ్యం డ్రమ్ము పైన అలమారులో పెట్టింది. ల్యాప్‌టాప్ పట్టుకుని పెరటి గోడ దాకా వెళ్లి చూసి, గీతలు తగ్గాయని నిర్ధారించుకుంది. మోడెం సెట్టింగుల్లోకి వెళ్లే తాళం ఒకటి వేరే ఉంటుంది, కంపెనీవాళ్లు అందరికీ ఒకటే పెట్టి పంపుతారు, ఇన్నాళ్లూ దాన్ని తనూ మార్చలేదు. ఇప్పుడు అదీ మార్పించింది. వాడనప్పుడు స్విచ్ ఆపేయమంది. ఉరుములప్పుడు ఫోను తీగ కూడా పీకేయమంది. ఇక తాళం దగ్గరికి వచ్చేసరికి సీతామహాలక్ష్మిని కుర్చీలో కూర్చోబెట్టి, తను గోడకేసి తిరిగి నిలబడింది.

"అమ్మోరి పేరొద్దు మామ్మా. మీకు తప్ప ఎవులికీ తెలీనిది రెండు మూడు మాటలు కలిపి కొట్టండి. మజ్జిలో అంకెలు కూడా."

"నాకు తప్ప తెలీనిది ఏముంటుందే? ఈయనకి అన్నీ తెలుసు" అంటూ సీతామహాలక్ష్మి ఒంటి వేలితో మొదలెట్టింది. "కె... ఎ..."

"మామ్మా! నోరిప్పకండి. నాకినబడుతోంది."

"నోరిప్పకపోతే అక్షరం ఎలా గుర్తొస్తుంది?"

రత్నాలు చెవులు మూసుకుంది. చాల్లేదు. వరండాలోకి వెళ్లి నిలబడింది.

అలా ఆ చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగింది. కొందరు రానిచ్చారు, ఇద్దరు ముగ్గురు రానివ్వలేదు. రానివ్వనివాళ్లకు బయటే నిలబడి, బోర్డు వైపు వేలు చూపించి, "ఆ తాళం మార్చండి, మీరే మార్చండి" అని చెప్పి వచ్చింది. పైడితల్లి టిఫిన్స్ ఆవిడ మోడెం మీది గుడ్డ తీయడానికి శివరాత్రి దాకా పట్టింది. తీసిన రోజున ఆవిడే వంటింట్లోకి పిలిచి, "లోపలికి రావే, గుమ్మంలో నిలబడతావేటి" అంది.

ఇప్పుడు పాత తిప్పలన్నీ మళ్లీ వచ్చాయి. తాళాలు మరచిపోతున్నారు. ఫోన్లు మోగుతున్నాయి. మొన్న సీతామహాలక్ష్మి పిలిచింది.

"రత్నాలూ, తాళం మర్చిపోయానే. ఏం పెట్టాను?"

"నాకు తెల్దు మామ్మా."

"బాగా గుర్తుచేసుకో."

"నిజంగా తెల్దు" అంది రత్నాలు. సంచిలోంచి అగ్గిపుల్ల తీసి, మోడెం వెనక చిల్లులో గుచ్చి, దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగేదాకా నొక్కి పట్టుకుంది. మామ్మను కుర్చీలో కూర్చోబెట్టి, వరండాలోకి నడిచి, గోడకేసి తిరిగి, ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడింది.

ప్రహరీ మీదినుంచి మంగ్లు తల పైకి లేచింది. "ఏటక్కా, కొత్త తాళమా? ఏటెడుతున్నారు?"

"తన్నేస్తాను, పో" అంది రత్నాలు. లోపల మామ్మ గొంతు మళ్లీ మొదలైంది. రత్నాలు మెట్లు దిగి, రోడ్డు దాకా నడిచి, అక్కడినుంచి కేకేసింది: "అయిపోయాక పిలవండి మామ్మా!"